ఆపినవాడి పని

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ల దగ్గర 2015 సూపర్ బౌల్ మాటెత్తితే చాలు, ఓడిపోయిన సియాటిల్ జట్టు ఆటగాడు మార్షాన్ లించ్ పేరు తీసి తీర్పు చెప్పేస్తారు. "బంతి లించ్‌కి ఇచ్చుంటే అయిపోయేది" అంటారు. సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఇన్నేళ్లయినా ఆ మాట వదల్లేదు. ఫోన్లో ఎప్పుడు ఆటల కబుర్లు వచ్చినా చివరికి అక్కడికే వస్తాడు. "అన్నా, గజం దూరం. ఒక్క గజం! లించ్ కళ్లు మూసుకుని దూరిపోయేవాడు." వాడి బాధ నాకు తెలుసు. ఈ ఆట మీద నాకు మోజు కలిగించినవాడు కూడా వాడే. కానీ ఆ వాదన మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రాత్రి ఎవరు తప్పు చేశారో లెక్కలు తీసే హడావిడిలో, పని చేసినవాడి పేరు రెండో వాక్యంలోకి జారిపోతోంది. అతని పేరు మాల్కమ్ బట్లర్. ఈ వారం అతని గురించే రాయాలనిపించింది.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి. బంతిని పట్టుకుని దూసుకుపోవచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ దాన్ని రిసీవర్‌కి విసరొచ్చు. గోల్ లైన్ దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. విసిరిన బంతిని ఎదుటి జట్టువాడు అందుకుంటే అది ఇంటర్‌సెప్షన్, బంతి వాళ్ల సొంతమైపోతుంది. రిసీవర్లకు కాపలా కాసేవాణ్ని కార్నర్‌బ్యాక్ అంటారు. బట్లర్ కార్నర్‌బ్యాక్.

2015 ఫిబ్రవరి 1న అరిజోనాలోని గ్లెండేల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, సియాటిల్ సీహాక్స్ తలపడ్డాయి. సియాటిల్ అంతకుముందు ఏడాది విజేత. మూడో క్వార్టర్ ముగిసేసరికి 24-14తో ముందుంది. నాలుగో క్వార్టర్లో పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ రెండు టచ్‌డౌన్ పాసులు వేసి స్కోరు 28-24 చేశాడు. ఇంకా రెండు నిమిషాల పైచిలుకు ఉంది. నాలుగు పాయింట్లు వెనకబడిన సియాటిల్‌కి మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ పనికిరాదు. టచ్‌డౌన్ ఒక్కటే దారి.

బట్లర్ అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని కుర్రాడు. మిసిసిపీలోని విక్స్‌బర్గ్ వాడు. హైండ్స్ కమ్యూనిటీ కాలేజీ జట్టు నుంచి తీసేస్తే ఊళ్లో పొపాయిస్ అనే చికెన్ దుకాణంలో పనిచేశాడు. మళ్లీ అదే కాలేజీకి వెళ్లి ఆడాడు. ఆ తర్వాత చేరింది పెద్ద పేరున్న విశ్వవిద్యాలయమేమీ కాదు, రెండో శ్రేణి పోటీల్లో ఆడే వెస్ట్ అలబామా. 2014 డ్రాఫ్ట్‌లో 32 జట్లు కలిసి 256 మందిని ఎంచుకుంటే అందులో అతని పేరు లేదు. పేట్రియట్స్ పరీక్షించి చూద్దామని పిలిచి, నచ్చి ఉంచుకున్నారు. ఆ సూపర్ బౌల్‌లో కూడా మొదటినుంచీ బరిలో లేడు. సియాటిల్ రిసీవర్ క్రిస్ మాథ్యూస్ పేట్రియట్స్ కార్నర్లను అల్లాడిస్తుంటే, రెండో సగంలో దింపారు.

సియాటిల్ దండయాత్ర మొదలైంది. కాపలా ఎంత బాగా కాసినా ఫలితం దక్కని సందర్భాలుంటాయనడానికి సియాటిల్ రిసీవర్ జెర్మెయిన్ కియర్స్ పట్టిన క్యాచ్ సాక్ష్యం. సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ విసిరిన పొడవాటి పాస్‌ని బట్లర్ ఎగిరి చేత్తో కొట్టాడు. బంతి వెల్లకిలా పడ్డ కియర్స్ ఒంటి మీద గంతులేసి చివరికి అతని చేతుల్లోనే పడింది. 33 గజాలు. కియర్స్ లేచి పరుగెత్తబోతే, అందరికంటే ముందు తేరుకుని అతణ్ని గీత బయటికి నెట్టింది మళ్లీ బట్లరే. అది గనక చేయకపోతే టచ్‌డౌన్ అప్పుడే అయిపోయేది. బంతి ఐదు గజాల దగ్గర ఉంది. తర్వాతి ఆటలో మార్షాన్ లించ్ బంతితో దూసుకొచ్చాడు. గాయపడ్డ భుజంతో ఆడుతున్న పేట్రియట్స్ ఆటగాడు డాంటా హైటవర్ అతణ్ని ఒక్క గజం దూరంలో పడేశాడు. హైటవర్ ఆ పని చేశాడు కాబట్టే బట్లర్‌కి అవకాశం మిగిలింది. ఇదీ జనం గుర్తుపెట్టుకోరు.

గడియారం పరుగెడుతోంది. పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచెక్ టైమౌట్ తీసుకుని గడియారం ఆపుతాడని అంతా ఎదురుచూశారు. అతను కదల్లేదు. సియాటిల్ ముగ్గురు రిసీవర్లను దింపడం చూసి, గోల్ లైన్ దగ్గర కాపలాకి ముగ్గురు కార్నర్లను పెట్టాడు. పక్కనున్న కోచ్ బ్రయన్ ఫ్లోరెస్ "మాల్కమ్, వెళ్లు!" అని అరిచాడు. బట్లర్ మైదానంలోకి పరుగెత్తాడు.

ఇప్పుడు తెర కాస్త ఆపి చూద్దాం. సియాటిల్ కుడివైపున ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు కియర్స్, వెనక రికార్డో లాకెట్. కియర్స్‌కి ముఖాముఖిగా ఆరడుగుల నాలుగంగుళాల పేట్రియట్స్ కార్నర్ బ్రాండన్ బ్రౌనర్. అతని వెనక గోల్ లైన్ లోపల కొన్ని అడుగుల దూరంలో బట్లర్, 21వ నంబరు చొక్కా. సియాటిల్ పథకం సులువు. ముందున్న కియర్స్ బట్లర్ దారికి అడ్డం పడతాడు. ఆ చాటున లాకెట్ ఏటవాలుగా లోపలికి దూసుకొస్తాడు. విల్సన్ బంతి అందుకున్న మరుక్షణం అతనికి విసిరేస్తాడు. కాపలాదారు అడ్డం తప్పించుకుని వచ్చేసరికి టచ్‌డౌన్ అయిపోవాలి.

బంతి కదిలేసరికి 26 సెకన్లు మిగిలున్నాయి. బ్రౌనర్ రెండు చేతులతో కియర్స్‌ని నిలబడ్డ చోటే ఆపేశాడు. అడ్డం పడాల్సినవాడికే అడ్డం పడింది. దారి తెరుచుకుంది. బట్లర్ లాకెట్‌ని వెంబడించలేదు. బంతి ఎక్కడికి వస్తుందో ఆ చోటికి తిన్నగా పరుగు తీశాడు. లాకెట్ కంటే అరడుగు ముందు చేరాడు. ఇద్దరూ ఢీకొన్నారు. లాకెట్ వెనక్కి పడ్డాడు, బట్లర్ బంతితో ముందుకు తూలాడు. అది ఎన్ఎఫ్ఎల్ లీగ్‌లో అతని జీవితంలో మొట్టమొదటి ఇంటర్‌సెప్షన్.

ఇందులో అదృష్టం ఎంత? ఈ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి మైదానంలో దొరకదు. అంతకుముందు జరిగిన సాధనలో దొరుకుతుంది. ఎదుటి జట్టు ఆటల్ని అనుకరించి చూపించడానికి ప్రతి జట్టులోనూ స్కౌట్ టీమ్ ఉంటుంది. పేరూ, చప్పట్లూ లేని ఉద్యోగం అది. పేట్రియట్స్ స్కౌట్ టీమ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరొప్పొలో విల్సన్ పాత్ర వేశాడు, జాష్ బాయిస్ రిసీవర్ పాత్ర. సరిగ్గా ఇదే వరస, ఇదే పథకం. ఆ రోజు బట్లర్ ముందున్న రిసీవర్ని చుట్టి వెనకగా వెళ్లాడు. ఆలస్యమైంది. బాయిస్ హాయిగా బంతి పట్టుకున్నాడు. బంతి మీదికి నేరుగా వెళ్లాలని బెలిచెక్ అక్కడికక్కడే చెప్పాడు. ఆ సాధన వీడియో తర్వాత అందరికీ చూపించారు. నాకు అసలు ఆట కంటే ఆ సాధన ముక్కే ఎక్కువ ఇష్టం. ఓడిపోయిన ఆటగాడు మళ్లీ తన చోటికి నడిచిపోతాడు, అంతే. చూడటానికి ఏమీ లేదు. ఉన్నదంతా అక్కడే ఉంది.

బ్రౌనర్ సంగతి కూడా చెప్పాలి. 2011 నుంచి 2013 వరకు అతను సియాటిల్‌లోనే ఆడాడు. పాత జట్టు సాధనలో ఈ వరసకి ఎదురు నిలిచినవాడే. అందుకే కియర్స్ సంగతి తను చూసుకుంటానని, వెనకున్నవాణ్ని చూసుకోమని బట్లర్‌కి అక్కడే చెప్పాడు. చూసే వాళ్ల కళ్లన్నీ బంతి మీదే ఉంటాయి కాబట్టి బ్రౌనర్ చేసింది చాలామందికి కనపడలేదు. నా మటుకు ఆ ఇంటర్‌సెప్షన్‌లో సగం అతనిదే.

ఆపే పని నాకూ కొంచెం తెలుసు, హైస్కూల్లో నేను కబడ్డీలో కార్నర్ ఆడేవాణ్ని. మా డ్రిల్లు మాస్టారు రోజూ ఒకటే చెప్పేవారు. "ఒరేయ్, చెయ్యి చూడకు. చెయ్యి ఊరికే ఆడిస్తాడు. నడుం చూడు. నడుం ఎటు తిరిగితే వాడు అటే." ఆ మాట వంటబట్టాక తెలిసింది, పట్టేవాడి పని కూతకొచ్చినవాడు అడుగేశాక మొదలుకాదని. అతను గీత దాటక ముందే మన బరువు ఏ కాలి మీద ఉండాలో తేలిపోయి ఉండాలి. ఊహించి దూకితే చీలమండ దొరకదు, పాయింటు పోతుంది. చూసి, గుర్తుపట్టి, కదలాలి. ఈ మూడూ చూసేవాళ్లకు ఒకటిగా కనిపించేంత దగ్గరగా జరగాలి. మంచి కార్నర్‌ని తయారుచేయడం అంటే ఆ మూడింటి మధ్య దూరం తగ్గించడమే. ఇందులో మెలకువ కంటే విసుగే ఎక్కువ. ఒకే రకం కూతకి ఒకే రకంగా మోకాళ్లు వంచి కూర్చోవడం, మట్టిలో పడటం, లేవడం. నేను ఆటలో గొప్పవాణ్ని కాలేదు గానీ, ఆపే పనిలో ఎంత ఆలోచన ఉందో ఆ మట్టిలోనే అర్థమైంది. బట్లర్ పాదాలు చూసినప్పుడల్లా మాస్టారు గుర్తొస్తారు.

బట్లర్ ఊహించి దూకి ఉంటే, లాకెట్ లోపలికి వచ్చినట్టు వచ్చి బయటికి తిరిగి ఉంటే, ఆ మూల మొత్తం ఖాళీ. ఎవరూ లేరు. దేశమంతా చూస్తుండగా తెల్లబోయి నిలబడాల్సి వచ్చేది. ఆ పరుగు తీయడానికి కావలసిన తెగింపు గాల్లోంచి రాలేదు, ఒకసారి అదే చోట దెబ్బతిన్నాడు కాబట్టి వచ్చింది. వరస గుర్తుపట్టాడు, విల్సన్ చూపు ఇటు తిరగడం గమనించాడు, ఇక సందేహించలేదు.

ఇక లించ్ వాదన. సియాటిల్ కోచ్ పీట్ కారోల్‌ని మూర్ఖుడని తిట్టినవాళ్లు లెక్కలేనంతమంది. బాధ్యత తనదేనని అతను ఆ రాత్రే ఒప్పుకున్నాడు. కానీ లెక్క చూడండి. రెండో అవకాశం నడుస్తోంది, చేతిలో టైమౌట్ ఒకటే, సమయం 26 సెకన్లు. పరుగు విఫలమైతే గడియారం ఆగదు, టైమౌట్ ఖర్చు చేయాలి. పాస్ నేలపాలైతే గడియారం దానంతటదే ఆగుతుంది. మిగిలిన మూడు అవకాశాలూ వాడుకోవాలంటే ఒకసారైనా బంతి విసరక తప్పదు. పైగా ఆ సీజన్లో గజం దూరం నుంచి లించ్ ఐదుసార్లు దూసుకెళ్తే గీత దాటింది ఒక్కసారే. అదే దూరం నుంచి ఆ సీజన్లో లీగ్ మొత్తమ్మీద విసిరిన పాసుల్లో ఇంటర్‌సెప్షన్ అయింది ఇదొక్కటే. అంటే కారోల్ ఎంచుకున్నది మామూలుగా నష్టం తేని దారి. దాన్ని నష్టంగా మార్చింది ఎదుటివాడి నైపుణ్యం. ఇది చెబితే మా తమ్ముడు ఫోన్లో కాసేపు మాట్లాడడు. తర్వాత "అయినా సరే అన్నా" అంటాడు. అభిమానం అంటే అదే, నేను కాదనను.

ఇంటర్‌సెప్షన్‌తో ఆట ముగిసిందనుకుంటారు. ముగియలేదు. 20 సెకన్లున్నాయి, బంతి పేట్రియట్స్ సొంత గోల్ లైన్‌కి ఒక గజం దూరంలో ఉంది. బ్రేడీ మోకాలు వంచి గడియారం గడిపేద్దామంటే వెనక చోటు లేదు. గోల్ లైన్ వెనక దొరికిపోతే సేఫ్టీ అంటారు. సియాటిల్‌కి రెండు పాయింట్లు, తిరిగి బంతి కూడా. ఆట మొదలుపెట్టడానికి బ్రేడీ వేసిన కేకకి సియాటిల్ ఆటగాడు మైకేల్ బెనెట్ ముందే దూకేశాడు. ఎన్‌క్రోచ్‌మెంట్ అనే తప్పు అది. ఐదు గజాలు ఊపిరాడేంత చోటు దొరికింది. తర్వాత తోపులాట జరిగి సియాటిల్ ఆటగాడు బ్రూస్ ఇర్విన్‌ని బయటికి పంపేశారు. 28-24 మారలేదు. ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన బ్రేడీకి షెవ్రొలే ఇవ్వబోయిన ట్రక్కు, అతని కోరిక మీద బట్లర్ ఇంటికి చేరింది.

మూడేళ్ల తర్వాత, 2018 సూపర్ బౌల్‌లో, సీజనంతా ఆడిన అదే బట్లర్‌ని బెలిచెక్ డిఫెన్స్‌లో ఒక్క ఆటకీ దింపలేదు. పేట్రియట్స్ ఫిలడెల్ఫియా ఈగిల్స్ చేతిలో 41-33తో ఓడిపోయింది. అతణ్ని దింపకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆపినవాడి విలువ అతణ్ని తయారుచేసినవాళ్లకు కూడా ఎప్పుడూ గుర్తుండదన్నమాట.

సూపర్ బౌల్ ఇప్పుడు ఫిబ్రవరి రెండో ఆదివారం జరుగుతోంది. మనకైతే సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు. నిద్ర లేవగలిగితే చూడండి. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే ప్రతిసారీ కాకపోయినా, పదిసార్లలో ఒక్కసారి బంతిని వదిలేసి అంచున నిలబడ్డ కార్నర్‌బ్యాక్ పాదాలు చూడండి. కెమెరా అటు తిప్పరు, మీరే వెతుక్కోవాలి.