సంచి మీద సైటేషన్

వానాకాలం నార్లు పోసే రోజుల్లో ఎల్లారెడ్డి విత్తనాల దుకాణాల్లో బీపీటీ, ఎంటీయూ, ఆర్‌ఎన్‌ఆర్, జేజీఎల్ అన్న మాటలే వినబడతాయి. బాపట్ల, మారుటేరు, రాజేంద్రనగర్, జగిత్యాల పరిశోధన కేంద్రాల గుర్తులవి. పోచారం ప్రాజెక్టు కింద వరి వేసే రైతు ఆ అక్షరాలు పలికిన ప్రతిసారీ ఎవరో ఒక శాస్త్రవేత్త పనిని ఉదహరిస్తున్నట్టే. పేపర్లకు వచ్చే ఉదహరింపులను, అంటే సైటేషన్లను, లెక్కపెట్టే స్కోపస్‌కూ గూగుల్ స్కాలర్‌కూ ఆ పలుకు అందదు.

పరిశోధకుల ప్రచురణల జాబితాలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. కొత్తగా పీహెచ్‌డీలో చేరిన మా ప్రాంతం పిల్లలు "సార్, హెచ్-ఇండెక్స్ ఎంత ఉంటే మంచిగుంటది?" అని అడుగుతుంటారు. "నీ సబ్జెక్టు ఏందమ్మా?" అంటాను. అది తెలియకుండా జవాబు చెప్పలేం. పది పేపర్లను ఒక్కొక్కదాన్నీ కనీసం పదిసార్లు ఉదహరిస్తే హెచ్-ఇండెక్స్ 10. 2005లో ఈ కొలత తెచ్చిన భౌతిక శాస్త్రవేత్త హిర్ష్, జీవశాస్త్రాల్లో ఈ అంకె పెద్దగా ఉంటుందని అప్పుడే రాశాడు. అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కువ, ఒక్కో పేపర్‌కు రచయితలు ఎక్కువ, చివర రిఫరెన్సులూ ఎక్కువ. గణితంలో ఒకరో ఇద్దరో రాస్తారు, కొద్ది రిఫరెన్సులే ఇస్తారు. ముప్పై ఏళ్ల కిందటి పేపర్ కూడా ఇంకా పనికొస్తూనే ఉంటుంది. ఈ రెండు రంగాలవాళ్లనూ ఒకే అంకెతో తూచి ఉద్యోగమో ప్రమోషనో తేల్చడం అన్యాయం.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు సంగతే చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో పదకొండు పేజీల పేపర్ అచ్చువేశారు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. క్లాసులో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న దానికి మూలం. అంచనాలో పొరపాటు ఎంతకన్నా తగ్గదో చెప్పే క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితికి పునాది, మూడూ అందులోనే ఉన్నాయి. రాడార్‌లో, ఎంఆర్‌ఐలో, క్వాంటం కొలతల్లో ఆ హద్దును వాడుతున్నారు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన విషయం కనుక, హద్దు పేరు రాసి అసలు పేపర్‌ను రిఫరెన్సుల్లో చేర్చనివాళ్లు ఎందరో. అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకు 2023లో, 102 ఏళ్ల వయసులో వచ్చింది. పరిశోధన పత్రికలకిచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలత మాత్రం గడచిన రెండేళ్ల పేపర్లనే చూస్తుంది.

నిజానికి యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైటేషన్ సూచిక ఆలోచన చేసింది మనుషులకు ర్యాంకులివ్వడానికి కాదు. ఒక పేపర్ మీద తర్వాత ఎవరేం విమర్శ చేశారో పాఠకుడికి దొరకాలన్నది ఆయన పట్టుదల. ఆ ఉద్దేశం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. అది మరుగునపడి, అంకె కోసమే పేపర్లు రాసే రోజులొచ్చాయి, డబ్బు కడితే అచ్చువేసే పత్రికలు పుట్టాయి. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందే పేపర్ అచ్చుకావాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేయడం మేలే అయింది.

మళ్లీ వడ్ల దగ్గరికి వస్తాను. బాపట్లలో ఎం.వి. రెడ్డి రూపొందించిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే సన్నాలు, 1986లో విడుదలైంది. జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన టైచుంగ్ నేటివ్ 1, మలేసియా నుంచి వచ్చిన మసూరి, ఈ మూడు వరి రకాలూ దాని వంశంలో ఉన్నాయి. ఆ వంశావళి కూడా ఒక రిఫరెన్సుల పట్టికే. సాంబ మసూరి ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చారు. అలా 2008లో ఆర్‌పీ బయో 226 వచ్చింది. ఆ మెరుగైన రకం మీద వచ్చిన పేపర్లను సూచికలు లెక్కపెడతాయి. తెగులు సోకక నిలబడిన మడి, అన్నం బాగుందని మళ్లీ అవే బియ్యం కొన్న ఇల్లు వాటికి కనబడవు. ఆ లోటును మనుషులే పూడ్చాలి.

మన కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ నింపించే ఫారాల్లో మొత్తం సైటేషన్ల గడి పక్కనే ఇంకో గడి పెట్టాలని నా కోరిక. పరిశోధకురాలు తన పేపర్లలో ఒక్కదాన్ని ఎంచుకుని, అందులో కొత్తగా ఏం తేల్చిందో, దాన్ని ఎవరు ఎక్కడ వాడుకుంటున్నారో అరపేజీ తెలుగులో రాయాలి. వరి మీద పనిచేసినవాళ్లయితే ఏ మండలాల్లో ఆ రకం వేశారో కూడా చెప్పాలి. కమిటీ సభ్యులు ఆ అరపేజీతో పాటు ఆ పేపర్‌ను కూడా చదివాకే ఇంటర్వ్యూకు కూర్చోవాలి.