ఇంటి పనికి ప్లాస్మా కోత యంత్రము: గుణదోష విచారణ

మంచిర్యాల జిల్లాలోని నస్పూరు బొగ్గుగనుల ఊరు. సింగరేణి సంస్థవారి శ్రీరాంపూర్ గనులు ఈ పరిసరములలోనే కలవు. గనులున్న చోట ఇనుపపని తప్పదు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్లకు కడ్డీలు చేసిపెట్టు చిన్న దుకాణములు ఇట్టి ఊళ్లలో సామాన్యముగా కనబడును. ఇంటి వెనుక రేకుల పాకలో వెల్డింగు యంత్రము పెట్టుకొని తీరిక వేళలలో పని చేసికొనువారు కూడ ఉందురు. ఇట్టివారికి ఇప్పుడొక పనిముట్టు ఆశ చూపుచున్నది. అదియే ప్లాస్మా కోత యంత్రము. ఒకప్పుడు పెద్ద కర్మాగారములకే పరిమితమైన ఈ యంత్రము, ఇన్వర్టరు విద్య పెరిగిన పిమ్మట, చేతితో మోయదగిన పెట్టెగా మారి కొన్ని పదుల వేల రూపాయలకే దొరకుచున్నది.

ఇది ఏ లోహమునైనను కోయుననియు, ఇంటి కరెంటుతో నడచుననియు, 12 మిల్లీమీటర్ల మందమును తెంచుననియు, గ్యాసు ఖర్చు ఉండదనియు అమ్మువారు చెప్పుదురు. ఈ నాలుగు మాటలలో మొదటిది నిజము. తక్కిన మూడును షరతులతో కూడినవి. ఆ షరతులు పెట్టెమీద పెద్ద అక్షరములలో ఉండవు. వానిని ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతికశాస్త్రముతోనే చాలవరకు కనుగొనవచ్చును. కూడబెట్టిన సొమ్ముతో యంత్రము కొనబోవువాడు ముందుగా చేయవలసిన పని అదియే.

పదార్థపు నాలుగవ స్థితి

ఘనము, ద్రవము, వాయువు అను మూడు స్థితులు అందరికిని తెలిసినవే. వాయువును మిక్కిలి వేడి చేసినచో దాని పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవును. ఎలక్ట్రానులును అయానులును కలిసియుండు ఈ మిశ్రమము లోహపు తీగవలె విద్యుత్తును ప్రసరింపజేయును. దీనికి 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ప్లాస్మా అని పేరు పెట్టెను. అంతకు 8 సంవత్సరములు ముందే, అనగా 1920లో, మన దేశపు మేఘనాద్ సాహా ఏ ఉష్ణోగ్రత వద్ద వాయువు ఎంతవరకు అయనీకరణము చెందునో తెలుపు సమీకరణమును ప్రకటించెను. సూర్యుని వెలుగును అర్థము చేసికొనుటకు ఆయన లెక్కించిన స్థితియే నేడు రేకుల పాకలో ఇనుమును కోయుచున్నది.

అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థకు చెందిన లిండే విభాగములో పనిచేసిన రాబర్ట్ గేజ్, విద్యుత్ చాపమును సన్నని రంధ్రముగుండ పంపినచో దాని వేడిమియు వేగమును ఎంతో హెచ్చునని చూపెను. 1957లో ఆయనకు దీనిపై పేటెంటు లభించెను. నేటి చిన్న యంత్రములలో చేతి టార్చి కొనయందు రాగి నాజిలు ఉండును. దాని రంధ్రము సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. లోపల రాగి ఎలక్ట్రోడు, దాని మొన యందు హాఫ్నియము అను లోహపు చిన్న బిళ్ల ఉండును. వెల్డింగులో వాడు టంగ్‌స్టను గాలిలోని ఆమ్లజనికి త్వరగా కాలిపోవును, హాఫ్నియము నిలుచును. కంప్రెసరునుండి వచ్చు గాలి సుడి తిరుగుచు చాపమును నలువైపుల నొక్కును. లోపలి ఉష్ణోగ్రత 20 వేల డిగ్రీల ప్రాంతమునకు చేరును. ఆ వేడికి లోహము కరగును. గాలి వేగమునకు కరగిన లోహము క్రిందికి ఎగిరిపోవును. కోత అనగా ఇంతియే.

మొదటి మాట: ఏ లోహమైనను

గ్యాసు కోతకును దీనికిని గల భేదమును తెలిసికొన్నచో ఈ మాట నిజమని తేలును. గ్యాసు కోతలో ఇనుమును ఊరక కరగించుట లేదు; కాల్చుచున్నారు. ఇనుమును సుమారు 900 డిగ్రీలకు వేడిచేసి దానిపై ఆమ్లజనిని చిమ్మినచో ఇనుము మండును. ఏర్పడిన ఐరన్ ఆక్సైడు 1,400 డిగ్రీలలోపే కరగును. ఇనుము కరగుటకు 1,538 డిగ్రీలు కావలెను. కాబట్టి ఆక్సైడు ముందే ద్రవమై జారిపోవును, క్రింది ఇనుమునకు ఆమ్లజని అందును.

అల్యూమినియము విషయము ఇందుకు విరుద్ధము. అది 660 డిగ్రీలకే కరగును గాని, దానిపై పొరగా ఉండు ఆక్సైడు 2,000 డిగ్రీలు దాటినగాని కరగదు. స్టెయిన్‌లెస్ స్టీలుపై ఏర్పడు క్రోమియము ఆక్సైడు కూడ అట్టిదే. ఈ పొర కవచమువలె అడ్డుపడును. గ్యాసు మంట ఓడిపోవును. ప్లాస్మాకు లోహము మండవలసిన పని లేదు. అది విద్యుత్తును ప్రసరింపజేసిన చాలును. ఇది ఈ యంత్రమునకు గల అసలైన గొప్పతనము. పలుచని రేకుపై పువ్వులు, లతలు, అక్షరములు కోయుటలోను దీనికి సాటి పనిముట్టు ఇంటి పనిలో అరుదు. వేడి ఒక సన్నని గీతకే పరిమితమగుటచే రేకు అంతగా వంకరపోదు.

రెండవ మాట: ఇంటి కరెంటుతో నడచుట

పెట్టెమీద 40 ఆంపియర్లు అని ఉండును. అది టార్చినుండి వెలువడు ప్రవాహమే గాని గోడనుండి తీసికొనునది కాదు. ఇట్టి యంత్రములను పరీక్షించుటకు అంతర్జాతీయ ప్రమాణములో ఒక సూత్రము కలదు: ఆంపియర్లను 0.4చే గుణించి 80 కలిపినచో చాపపు వోల్టేజి వచ్చును. 40 ఆంపియర్లకు అది 96 వోల్టులు. రెంటిని గుణింపగా 3,840 వాట్లు. యంత్రము నూటికి 85 వంతుల శక్తినే చాపమునకు అందించుననుకొన్నచో గోడనుండి సుమారు 4,500 వాట్లు తీసికొనవలెను. అనగా 230 వోల్టుల వద్ద 20 ఆంపియర్లు. చవుక యంత్రములలో పవర్ ఫ్యాక్టరు తక్కువ, దానిని 0.7గా తీసికొన్నచో ఇది 28 ఆంపియర్లగును. ఇంటిలోని పెద్ద సాకెట్టు మోయగలది 16 ఆంపియర్లే. వేసవి సాయంకాలములలో వోల్టేజి పడిపోయినపుడు, అదే శక్తికై యంత్రము ఇంకను హెచ్చు ప్రవాహమును లాగును. తీగలు వేడెక్కును.

అట్లని ఇంటిలో ఇది పనికిరాదని చెప్పుట న్యాయము కాదు. ఇదే లెక్కను 20 ఆంపియర్లకు చేసినచో చాపపు వోల్టేజి 88, శక్తి 1,760 వాట్లు, గోడనుండి తీసికొను ప్రవాహము సుమారు 13 ఆంపియర్లు అగును. గేట్లకు, పెట్టెలకు వాడు 2, 3 మిల్లీమీటర్ల రేకునకు ఆ 20 ఆంపియర్లు చాలును. ఇంటి సాకెట్టుపై ఈ యంత్రము నడచును గాని, ప్రకటించిన బలములో సగముతో మాత్రమే నడచునన్నమాట. పూర్తి బలము కావలెనన్న విద్యుత్ శాఖనుండి తగిన లోడు మంజూరు చేయించుకొని, వేరు తీగ, వేరు స్విచ్చి, మంచి ఎర్తు ఏర్పరచుకొనవలెను. ఆ ఖర్చును యంత్రపు ధరలోనే కలుపుకొని చూడవలెను.

పనికాలపు శాతము మరొకటి. 60 శాతము అని ఉన్నచో 10 నిమిషములలో 6 నిమిషములు కోసి, 4 నిమిషములు ఆపవలెనని అర్థము. ప్రమాణము ప్రకారము ఈ శాతము 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు చెప్పినది. బొగ్గుబెల్టులో వేసవి మధ్యాహ్నము ఎండ 45 డిగ్రీలకు చేరును. రేకుల పాకలో ఇంకను హెచ్చు. అప్పుడు యంత్రము ముందుగానే వేడెక్కి ఆగిపోయినచో అది దాని దోషము కాదు. ఇంటి పనిలో ఒక్కొక్క కోత నిమిషములోపే ముగియును గనుక ఈ పరిమితి అంతగా బాధింపదు. అసలు బాధ గాలివద్దనే కలదు.

మూడవ మాట: 12 మిల్లీమీటర్ల మందము

శుభ్రముగా కోయుట వేరు, ఎట్లో తెంచుట వేరు. ఒకే యంత్రము 6 మిల్లీమీటర్ల పలకను నునుపుగా కోసి, 12 మిల్లీమీటర్ల పలకను నత్తనడకతో తెంచవచ్చును. రెండవ కోత క్రింది అంచున చిట్టెము గడ్డకట్టి వ్రేలాడును. దానిని గ్రైండరుతో రాచి తీయుటకు కోతకంటె ఎక్కువ కాలము పట్టును. ప్రకటనలో కనబడు అంకె సాధారణముగా రెండవదే. కొనువాడు అడుగవలసినది మొదటిది.

నాలుగవ మాట: గ్యాసు ఖర్చు లేకపోవుట

సిలిండరు లేని మాట నిజమే. కాని గాలి ఊరక రాదు. 40 ఆంపియర్ల టార్చి నిమిషమునకు సుమారు 150 లీటర్ల గాలిని, 5 వాతావరణముల పీడనముతో, కోరుననుకొందము. ఒక గుర్రపుశక్తి కంప్రెసరు నిమిషమునకు 80 లీటర్లు ఇచ్చినచో 70 లీటర్ల లోటు. 50 లీటర్ల ట్యాంకు 8నుండి 5 వాతావరణములకు దిగువరకు విడిచిపెట్టు గాలి 150 లీటర్లు. 150ని 70చే భాగింపగా రెండు నిమిషములకు కొంచెము పైన. ఆ పిమ్మట పీడనము పడిపోవును, చాపము చెదరును, నాజిలు కాలును. యంత్రమును కొని, ఇంటిలోని పాత కంప్రెసరుతో సరిపెట్టుకొందమనువారు ఎక్కువగా ఇచ్చటనే దెబ్బతినుట జరుగును. కంప్రెసరు మోటారును అదే సాకెట్టుకు తగిలించినచో, 20 ఆంపియర్ల కోతకు కూడ 16 ఆంపియర్ల హద్దు దాటిపోవును.

గాలిలోని తేమ ఇంకొక శత్రువు. వానకాలమున 30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉండవచ్చును. ఆ గాలిని ఆరవ వంతునకు కుదించి మరల అదే ఉష్ణోగ్రతకు చల్లార్చినచో అది 5 గ్రాములనే నిలుపుకొనగలదు. తక్కిన 19 గ్రాములు నీరై గొట్టములోనికి దిగును. ఇది ఏడు నిమిషముల పనికి వచ్చు నీరు. ఈ తేమ టార్చిలోనికి పోయినచో ఎలక్ట్రోడును, నాజిలును త్వరగా పాడుచేయును. నీటిని వేరుచేయు ఫిల్టరు లేనిదే యంత్రము కొనరాదు. ట్యాంకు అడుగునున్న నీటిని ప్రతిదినము వదలవలెను. నాజిళ్లు, ఎలక్ట్రోడులు అరిగిపోవు వస్తువులు. అవి మంచిర్యాల బజారులోనే దొరకునో, దూరమునుండి తెప్పించవలెనో యంత్రము కొనుటకు ముందే తెలిసికొనుట వివేకము.

బిల్లులో కనబడని ఖర్చు

గనిలో మంటకు కఠినమైన క్రమశిక్షణ కలదు. భూగర్భములో మండు వాయువు ఉండవచ్చును గనుక అనుమతి, పర్యవేక్షణ లేక కోత, వెల్డింగు జరుగరాదు. ఈ నియమముల నడుమ పనిచేసివచ్చిన మనిషియే ఇంటి పాకలో చెప్పులు లేని కాళ్లతో, నల్ల కళ్లజోడుతో చాపమును వెలిగించుట కలదు. విమర్శింపవలసినది యంత్రముకంటె ముందు ఈ అలవాటునే.

సాధారణ వెల్డింగు యంత్రము చాపము లేనపుడు 70, 80 వోల్టులు చూపును. ప్లాస్మా యంత్రము 250నుండి 300 వోల్టుల వరకు చూపవచ్చును. వెల్డింగు హోల్డరును తాకినట్లు టార్చి కొనను తాకినచో ప్రాణమునకే అపాయము. నాజిలు మార్చునపుడు మెయిన్ స్విచ్చి తీయుట తప్పనిసరి. చాపపు అతినీలలోహిత కిరణములకు రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లగును. తగిన నంబరు గల వెల్డింగు అద్దమే ధరింపవలెను. జింకు పూత గల రేకును కోసినచో వచ్చు పొగకు చలిజ్వరము పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో విషపూరితమైన క్రోమియము సమ్మేళనములు ఉండును. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగలను మానవులకు కేన్సరు కలిగించువానిలో చేర్చెను. మూసిన గదిలో ఈ పని కూడదు.

అన్నింటికంటె ఘోరమైనది పాత డ్రమ్ములను కోయుట. డీజిలు, పెట్రోలు, పెయింటు ఉండిన డ్రమ్ము ఖాళీగా కనబడినను దానిలో ఆవిరి మిగిలియుండును. గాలితో కలిసిన ఆ ఆవిరి చాపము తగిలిన క్షణముననే పేలును. నీళ్ల తొట్టి చేయుటకై ఇట్టి డ్రమ్మును ఇంటివద్ద ఏ మంటతోను కోయరాదు.

తీర్పు

తిన్నని కోతలు, చువ్వలు, యాంగిళ్లు మాత్రమే కోయువానికి గ్రైండరు చాలును. ఈ యంత్రము అనవసరము. మందమైన పలకలు కోయువానికి గ్యాసు కోతయే చవుక. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము, అలంకారపు రేకుల పని విరివిగా ఉన్నవానికి ప్లాస్మా యంత్రము నిజమైన లాభము. అట్టివాడు పెట్టెమీది అంకెను గాక వెనుకనున్న లోహపు పలకను చదువవలెను. యంత్రము, కంప్రెసరు, ఫిల్టరు, తీగ, ముఖకవచము అన్నింటి ధరను కలిపి చూడవలెను. రంగు వేసిన రేకుముక్క నొకదానిని, 6 మిల్లీమీటర్ల పలకముక్క నొకదానిని వెంట తీసికొనిపోయి దుకాణములోనే కోయించి చూడవలెను. పైలట్ చాపము లేని యంత్రము మొదటి ముక్కవద్దనే తడబడును. ప్రకటనలోని అంకెలో నిజమెంతయో రెండవ ముక్క తెలుపును.

ఉత్తర తెలంగాణమునకు ఈ పరీక్షాబుద్ధి క్రొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మూసల ఉక్కునకు పేరొందిన గ్రామము. 1824కు పూర్వము ఆ కొలుములను చూచిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయిసీ, పారశీక దేశమునుండి వచ్చిన వర్తకుడొకడు కొలిమివద్ద తానే నిలిచి, తూకములను, ఉక్కు గట్టితనమును స్వయముగా పరీక్షించుకొనుచుండెనని వ్రాసెను. అంత దూరమునుండి వచ్చినవాడు అమ్మువాని మాటపై ఆధారపడలేదు. పైన చేసిన లెక్కలలో గుణకారము, భాగహారము మించినది ఏదియు లేదు. తరగతిలో ఓమ్ నియమము, బాయిల్ నియమము చెప్పునాడు ఉపాధ్యాయులు ఈ లెక్కలను పిల్లలచేత చేయించినచో, ఆ పిల్లలలో ఒకని తండ్రి పొదుపు చేసిన సొమ్మును, అతని కన్నులను కాపాడినవారగుదురు.