ఎవరికి కొత్త?

‘కొత్త’ అనే మాటకీ నాకూ ఉన్న పేచీ ఈ కాలమ్ పాఠకులకి తెలిసిందే. కొత్త రుచి, కొత్త ఒరవడి, కొత్త బస్టాండు... ఎవరు ఏది కొత్త అన్నా ‘ఎవరికి?’ అని అడక్కపోతే నాకు అన్నం సయించదు. ఈ వారం మళ్లీ ఆ అవసరం పడింది. మా యానాం కుర్రాడొకడు ఇక్కడ పుదుచ్చేరిలో చదువుకుంటున్నాడు. వైత్తికుప్పం జాలర్ల పడవెక్కి సన్నకన్ను వల లాగితే, అందులో ఆరేడు మిల్లీమీటర్ల జెల్లీఫిష్ పడిందట. ఫోనులో ఫొటో పంపి, కింద ‘న్యూ స్పీషీస్ మాస్టారూ’ అని రాసి మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించాడు. ఒకటి పెట్టి ఉంటే ఊరుకునేవాణ్ణేమో.

సాయంత్రం సీసా పట్టుకుని కోసపాళయంలో మా ఇంటికే వచ్చేశాడు. సీసాని లైటుకి ఎత్తిపట్టి చూస్తే ముందు నీళ్లే కనిపించాయి. చూడగా చూడగా ఒకచోట నీరే ముడుచుకుని విచ్చుకున్నట్టు అనిపించింది. ప్రాణి అక్కడుంది. గాజు పళ్లెంలోకి వంచి, మెగ్నీషియం క్లోరైడు కలిపిన నీళ్లు చుక్క చుక్కగా వేశాం. మత్తెక్కి కదలిక ఆగితే గానీ లెక్కపెట్టడం కుదరదు.

మైక్రోస్కోపు కింద మొదట గొడుగు కనిపిస్తుంది. గొడుగు నడిమధ్య నుంచి కిందికి దిగిన మందపాటి జిగురు కాడ, ఆ కాడ కొసన వేలాడే పొట్ట, పొట్టకి నాలుగు పెదవులు. పొట్ట నుంచి అంచుదాకా నాలుగు నాళాలు. ఆ నాళాల వెంట సేమ్యా పోగుల్లా తెల్లగా బీజకోశాలు. అంచు చుట్టూ టెంటకిల్స్, ఒక్కోదాని మొదట్లో ఒక బుడిపె. బుడిపెకీ బుడిపెకీ మధ్య, వెలుగు ఏటవాలుగా పడితేనే దొరికే గుండ్రటి సంచి, అందులో మెరిసే చిన్న గుండు. తాను ఎటు ఒరిగిందో ఆ జీవికి తెలిసేది ఆ గుండు వల్లే. సంచులు ఎన్ని, అంచున టెంటకిల్స్ కాక సన్నటి పోగులు కూడా ఉన్నాయా అన్నవి చూస్తే ప్రజాతి ఏదో దాదాపు తేలుతుంది. కాడ ఉంది, సంచులు చాలా ఉన్నాయి, పోగులు లేవు. ఐరీన్ అనే ప్రజాతి గుమ్మం దాకా వచ్చాం.

‘‘టెంటకిల్స్ చాలా తక్కువున్నాయి మాస్టారూ. ఏ ఫొటోలోనూ ఇంత తక్కువ లేవు.’’

‘‘దీని వయసెంత నాయనా?’’ అన్నాను.

బీఎస్సీ జువాలజీ చదివిన ప్రతివాడూ రికార్డులో ఒబీలియా వేసినవాడే. పెన్సిలు చెక్కి చెక్కి, గుండ్రటి మెడ్యూసా (ఈదే జెల్లీఫిష్ రూపం) చుట్టూ పదహారు టెంటకిల్స్ సమంగా దిద్ది, మార్కులు వేయించుకుని, జంతువులన్నీ లెక్క తప్పకుండా పుడతాయనే నమ్మకంతో బయటపడతాం. సముద్రంలో ఒబీలియా పెరిగేకొద్దీ టెంటకిల్స్ కలుపుకుంటూ పోతుంది. పైగా మెడ్యూసా ఒక్కటే చేతికొస్తే అది ఏ జాతి ఒబీలియాదో తేల్చడం నిపుణులకే కష్టం. అడుగున రాళ్లకి అంటుకుని చెట్టులా పెరిగే పాలిప్‌నీ, దాన్నుంచి విడిపోయి ఈదే మెడ్యూసానీ వేరువేరు మనుషులు వేరువేరు జంతువులనుకుని రెండేసి పేర్లు పెట్టిన సందర్భాలు ఈ శాస్త్రంలో కోకొల్లలు. పిల్లది తక్కువ టెంటకిల్స్‌తో వస్తే అది కొత్త జాతి కాదు, పిల్లది. అంతే.

కాబట్టి ముందు పాత పుస్తకాలు చూడాలి. మన్నారు సింధుశాఖ ముత్యపు చిప్పల మీద హెర్డ్‌మన్ వేయించిన నివేదికలో 1905లో బ్రౌన్ రాసిన మెడ్యూసాల భాగం, 1910లో మేయర్ వేసిన పెద్ద గ్రంథం, మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో 1932లో మెనన్ అచ్చువేసిన మద్రాసు హైడ్రోమెడ్యూసాలు, 1961లో డెన్మార్క్ పండితుడు క్రాంప్ ప్రపంచంలోని మెడ్యూసాలన్నిటినీ ఒకచోట కూర్చిన సంగ్రహం, ఆ తరవాత కొచ్చిన్‌లో మార్తా వన్నూచ్చీ, శాంతకుమారి చేసిన పని. జంతువుల పేర్లకి 1758 నుంచి లెక్క. లిన్నేయస్ పుస్తకం పదో కూర్పుతో మొదలుపెట్టి నిన్నటి దాకా ఎవరూ పేరు పెట్టలేదని రుజువు చేసుకున్నాకే కొత్త అనాలి. కుర్రాడు ఆ పేర్లన్నీ రాసుకున్నాడు గానీ మొహంలో కళ తగ్గింది.

పేరు కోసం పరుగెత్తితే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇష్టమైన కథ ఒకటుంది. 1880 జూన్‌లో లండన్ రీజెంట్స్ పార్కు తోటలో, విక్టోరియా కలువ పెంచే వేడినీటి తొట్టిలో చిన్న చిన్న జెల్లీఫిష్‌లు ఈదుతూ సోవర్బీ అనే ఆయన కంటబడ్డాయి. మంచినీళ్లలో జెల్లీఫిష్! లాంకెస్టర్ ఒక పేరు పెట్టాడు, ఆల్మన్ ఇంకో పేరు పెట్టాడు. ఇద్దరూ ఉద్దండులే. కొద్ది రోజుల తేడాతో లాంకెస్టర్ పేరు నిలిచింది, క్రాస్పెడకస్టా సోవర్బై అని. ఆ జీవి ఏ దేశం నుంచి, ఏ మొక్క వేళ్లు పట్టుకుని తొట్టిలోకొచ్చిందో ఆ ఇద్దరికీ తెలియదు. దాని పుట్టిల్లు చైనాలో యాంగ్‌ట్సీ నది అని తేల్చుకోవడం చాలాకాలం తరవాతి మాట.

దానికి విరుగుడుగా మన దేశంలో జరిగిన ఇంకో కథ చెప్తుంటాను. 1910 ప్రాంతంలో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో పాఠాలు చెప్పే శంకర పురుషోత్తం ఆఘార్కర్, సతారా జిల్లా నదుల్లో మంచినీటి జెల్లీఫిష్ చూశాడు. అప్పటిదాకా ఆ ప్రజాతి ఆఫ్రికాదే అనుకునేవాళ్లు. ఆఘార్కర్ ప్రధానంగా వృక్షశాస్త్రజ్ఞుడు. పేరు పెట్టింది ఆయన కాదు, కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని ఆనండేల్. లిమ్నోక్నైడా ఇండికా అన్నాడు. చూసిన కన్ను ఒకరిది, పేరు పక్కన అచ్చయ్యేది ఇంకొకరిది. ఆఘార్కర్‌కి వచ్చిన నష్టమేమీ లేదు, పుణెలో ఆయన పేరుతో పరిశోధన సంస్థే ఉంది. ఈ కథ చెప్పి ‘చూడు నాయనా, చూడటమే ముఖ్యం, పేరుదేముంది’ అని ముగించడం నా అలవాటు. ఆ సాయంత్రం కూడా అలాగే ముగించి కాఫీ తాగించి పంపాను.

తరవాత ఈ కాలమ్‌కి కూర్చుంటే మనసు వాల్తేరు మీదికి పోయింది. కుర్రవాళ్లుగా అక్కడ మేం వెతికింది నీళ్లలో కాదు, ఇసుకలో. ఆంధ్రా యూనివర్సిటీలో గణపతిగారూ జి.సి. రావుగారూ కలిసి వాల్తేరు తీరపు ఇసుకలో బతికే జీవుల మీద 1962లో అచ్చువేసిన వ్యాసం అప్పట్లో జువాలజీ వాళ్లకి వేదం. ఆటు వచ్చాక తడి ఇసుకలోకి గొట్టం దించి, పైకి లాగి, బకెట్టులో గుమ్మరించి, మెగ్నీషియం క్లోరైడు పోసి కాసేపు ఆగి, బాగా తిప్పి, ఇసుక అడుక్కి దిగేలోపు పై నీళ్లని సన్నటి జల్లెడలో వంచాలి. ఆగకుండా వంచితే ఏమీ దొరకదు. ఆ జీవులు రేణువుల్ని కరుచుకుని ఉంటాయి, మత్తెక్కితేనే వదులుతాయి. వేళ్ల సందుల్లో ఇసుక, చొక్కా నిండా ఉప్పు, వెనకాల పిల్లల క్రికెట్టు. దారిన పోయేవాళ్లు ఏం పోయింది బాబూ, ఉంగరమా అని అడిగేవారు.

ఆ ఇసుక ప్రపంచంలో హలమ్మోహైడ్రా అని ఒక ప్రాణి ఉంది. 1927లో జర్మనీవాడు రెమానె దాన్ని మొదట వర్ణించాడు. పొడవు మిల్లీమీటరుకి అటూ ఇటూ. దానికి గొడుగు లేదు. జెల్లీఫిష్‌లోంచి గొడుగంతా తీసేసి పొట్టా, టెంటకిల్స్, ఒరుగు తెలిపే సంచులూ మాత్రం మిగిల్చితే ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది. ఒంటి నిండా సన్నటి నూగు, ఆ నూగు ఆడించుకుంటూ రేణువుల మధ్య జారిపోతుంది. అవతలి కొసన అంటుకునే పట్టు ఒకటి, అల కొట్టినప్పుడు రేణువుని పట్టుకోవడానికి. ఈదడం మానేసి ఇసుకలో కాపురం పెట్టిన మెడ్యూసా అని దీన్ని పండితులు లెక్కవేస్తారు. సముద్రమంతా ఉండగా రెండు రేణువుల సందు చాలనుకుంది మహాతల్లి! 1970ల్లో జి.సి. రావుగారు ఈ ప్రజాతిలోనే కొత్త జాతుల్ని వర్ణించారు. అందులో ఒకదానికి అండమాన్ ఇసుక మీదుగా అండమానెన్సిస్ అని పేరు.

ఇక్కడికొచ్చేసరికి నా వాదన నాకే అడ్డం తిరిగింది.

పుదుచ్చేరి ఇసుక సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1980ల చివర అరియాంకుప్పం ఏటి మొగ దగ్గర హార్బరు గోడలు లేచాయి, నడిచే ఇసుక అక్కడ ఆగిపోయింది, ఉత్తరాన ఊరి ముందు బీచి కరిగిపోయింది. ప్రొమెనేడ్ కింద మిగిలినవి నల్ల బండలే. పోయిన బీచి గురించి బాధపడ్డవాళ్లందరం, నాతో సహా, ఇసుకని క్యూబిక్ మీటర్లలోనే లెక్కపెట్టాం. ఆ మీటర్లలో ఎవరెవరు కాపురమున్నారో ఒక్క పేరైనా చేతిలో ఉంటే, ఫలానా జీవి పోయింది అని కనీసం ఒక వాక్యం రాయగలిగేవాళ్లం. పేరు లేనిది పోయినా పోయినట్టు రాయడానికి ఏ నివేదికలోనూ గడి ఉండదు. హార్బర్లకీ రొయ్యల చెరువులకీ రాసే పర్యావరణ నివేదికల వెనక జీవుల పట్టికలు నేను చూస్తుంటాను. ఆ పట్టికలో చేరడానికి చూడటం సరిపోదు, ఎవరో ఒకరు పేరు పెట్టి ఉండాలి.

అలా అనుకుంటే పెరోన్ గుర్తొచ్చాడు. పెరోన్‌ని ఈ కాలమ్‌లో లోగడ రెండు మూడుసార్లు తిట్టాను. 1800లో ఆస్ట్రేలియా వైపు బయల్దేరిన ఫ్రెంచి కెప్టెన్ బోదాఁ ఓడల్లో ఆయన జంతువుల మనిషి, లెస్యూర్ బొమ్మల మనిషి. మన పుదుచ్చేరికి 1816లో వచ్చి మొక్కలూ విత్తనాలూ పోగుచేసిన లెషెనో ఉన్నాడే, ఆయన అదే యాత్రలో వృక్షశాస్త్రజ్ఞుడు, జబ్బుచేసి తిమోర్‌లో దిగిపోయాడు. పెరోన్ ఇంటికి చేరి, తెలిసిన మెడ్యూసాలన్నిటికీ ఒక పట్టిక వేశాడు. వర్ణనలు కురచ. వాటిని పట్టుకుని ఏ జంతువో పోల్చుకోలేక తరవాతివాళ్లు బోలెడు పేర్లు పక్కన పడేశారు. తొందరపాటు మనిషి అని నా ఫిర్యాదు.

కానీ ఆయన 1810 డిసెంబరులో, ముప్ఫై అయిదేళ్లకే పోయాడు. ఓపిగ్గా నాలాంటివాడి సలహా విని ఆగి ఉంటే ఏమీ మిగిలేది కాదు. ఆ తొందరలో పెట్టిన ప్రజాతుల పేర్లలో పెలాజియా, క్రైసోరా, సయానియా ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఎక్వోరియా కూడా ఆయనదే. ఆ ఎక్వోరియాలోంచే జపాన్ శాస్త్రజ్ఞుడు షిమొమురా పచ్చగా మెరిసే ప్రోటీన్ తీశాడు. కణం లోపల ఏం జరుగుతోందో దీపం పెట్టి చూపించే పనిముట్టు అయి కూర్చుంది, 2008లో షిమొమురాతో పాటు ఇంకో ఇద్దరికి రసాయనశాస్త్రం నోబెల్ తెచ్చింది. తప్పు పేరుని దిద్దడానికి వెనకాల మనుషులు వస్తూనే ఉంటారు. మద్రాసు మెడ్యూసాల మెనన్ పేరు మీద 1953లో క్రాంప్ ఐరీన్ మెనోని అని ఒక జాతికి పేరు పెట్టాడు. వెనకవచ్చినవాడు పాత పట్టికని అంత శ్రద్ధగా చదివాడన్నమాట. పట్టికే లేకపోతే దిద్దడానికి ఏముంది?

అందుకని కుర్రాడికి మళ్లీ ఫోన్ చేశాను. ఒక్కటి చాలదు, పిల్లవీ పెద్దవీ కలిపి వీలైనన్ని పట్టమన్నాను. బతికుండగానే ఫొటో తీయాలి, ఫార్మలిన్‌లో పడ్డాక గొడుగు కుంచించుకుని తెల్లబడుతుంది. ఫార్మలిన్ డీఎన్‌ఏని పాడుచేస్తుంది కాబట్టి ముందే ఒక ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో వేయాలి. 2000 నుంచి నియమం గట్టిపడింది: ఏ నమూనా మీద పేరు నిలబడుతుందో చెప్పాలి, అది ఏ భాండాగారంలో ఉంటుందో రాయాలి. మనకి దగ్గర చెన్నై శాంథోమ్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల సముద్రజీవుల కేంద్రం ఉంది. హాంకాంగ్ వాళ్లు మై పో రొయ్యల చెరువులో దొరికిన ఒకటిన్నర సెంటీమీటర్ల పెట్టె జెల్లీఫిష్‌కి, ఇరవై నాలుగు కళ్లున్నదానికి, 2023లో పేరు పెట్టింది ఆకారమూ డీఎన్‌ఏ రెండూ చూసుకునే. మా యానాం పక్కన కోరంగి మడ అడవులున్నాయి, చుట్టూ రొయ్యల చెరువులున్నాయి, వల వేసి చూడటానికి ఎవరు అడ్డం?

ఇంకో పని కూడా చెప్పాను. 2018 తరవాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్.ఐ.ఓ.టి.) వాళ్లు నీటి అడుగున ఉక్కు దిబ్బ కట్టాక సెక్రటేరియట్ ముందు మళ్లీ బీచి పోగయింది. జనం ఐస్‌క్రీములు తింటూ తిరుగుతున్నారు. ఆ ఇసుకలో ఇప్పుడు ఎవరు వచ్చి చేరారో చూడటానికి పడవ కూడా అక్కర్లేదు, ఒక గొట్టం, ఒక బకెట్టు, అరకిలో మెగ్నీషియం క్లోరైడు చాలు. జల్లెడ నేనిస్తానన్నాను. ఆదివారం పొద్దున్నే ఆటు.