తొలి మిలటరీ బండి ఎంపిక

పాత సైనిక వాహనాన్ని పునరుద్ధరించడం, అంటే సైన్యం వాడి విడిచిపెట్టిన బండిని తయారైన నాటి స్థితికి వీలైనంత దగ్గరగా తీసుకురావడం, మామూలు మరమ్మతు కంటే వేరైన పని. మరమ్మతులో బండి కదిలితే చాలు, ఏ కంపెనీ సామాను వేసినా, ఏ ఇంజను బిగించినా పని జరిగినట్టే లెక్క. పునరుద్ధరణలో మాత్రం ప్రతి బోల్టు దగ్గరా, ప్రతి రేకు దగ్గరా ఇది మొదట్లో ఎలా ఉండేదన్న ప్రశ్న ఎదురవుతుంది, దానికి జవాబు దొరకని చోట పని ఆగిపోతుంది. అందుకే తొలి బండి విషయంలో పనితనం కంటే ఎంపికే ముఖ్యం. పనితనం చేస్తూ చేస్తూ అలవడుతుంది కాని, తప్పుగా ఎంచుకున్న బండి ఎంత పనితనం వచ్చినా పూర్తికాదు.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చరిత్ర ఒకటి తోడవుతుంది. హైదరాబాద్ సంస్థానం మీద 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్యలో భారత సైన్యపు తూర్పు దళం విజయవాడ వైపు నుంచి బయలుదేరి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట దిశగా సాగినప్పుడు, నిజాం సైన్యం హంబర్, స్టాగ్‌హౌండ్ రకాల ఆర్మర్డ్ కార్లతో, అంటే ఉక్కు కవచం తొడిగిన తుపాకీ బండ్లతో, దానిని ఎదుర్కొంది. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన తరవాత కూడా సైన్యం ఈ ప్రాంతాన్ని విడిచిపోలేదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టుల నాయకత్వంలోని తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట విరమణ జరిగేదాకా ఖమ్మం, వరంగల్, నల్లగొండ పల్లెల్లోనూ గోదావరి అడవుల్లోనూ గాలింపులు సాగాయి కనుక, ఆ తరం వారికి జీపు చప్పుడు మిలటరీ రాకకు గుర్తు. తరవాతి దశాబ్దాల్లో ఆ జాతి బండే అటవీశాఖ ఆఫీసులకూ, సింగరేణి గనులకూ చేరి, చివరికి బస్సు పోలేని భద్రాచలం ఏజెన్సీ గూడేల మధ్య మనుషులను మోసే కమాండర్ జీపుగా స్థిరపడింది. భయం, ఆసరా అనే ఈ రెండు జ్ఞాపకాలనూ కలిపి మోస్తున్న యంత్రం ఈ ప్రాంతంలో మరొకటి లేదు, దానిని నిలబెట్టుకోవాలనుకోవడానికి అదే చాలినంత కారణం.

ఈ చరిత్ర నుంచి పనికివచ్చే సంగతి ఒకటి తేలుతుంది. ఇన్ని దశాబ్దాలు జీపులు తిరిగిన చోట వాటిని విప్పి బిగించడం తెలిసిన మేస్త్రీలు మిగిలి ఉంటారు. గ్రానైట్ క్వారీల వల్ల ఖమ్మం చుట్టుపక్కల లేత్ పని, వెల్డింగు పని తెలిసినవారికి కొదవ లేదు, రేకు పని పెద్దదైతే లారీ బాడీలకు పేరుపొందిన విజయవాడ ఆటోనగర్ అందుబాటులోనే ఉంది. తొలి బండిని ఈ చేతులు గుర్తుపట్టే జాతిలో నుంచే ఎంచుకోవాలన్నది ఈ కాలమ్ అభిప్రాయం.

చాలామంది మనసు మొదట పోయేది రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ మీదికి, లేదా అదే నమూనాను ఫోర్డ్ కంపెనీ తయారుచేసిన జీపీడబ్ల్యూ మీదికి. 1941, 1945 మధ్య రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. 2199 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మూడు గేర్లు, ఆరు వోల్టుల విద్యుత్తు వాటి లక్షణాలు. అయితే యుద్ధకాలపు వర్క్‌షాపుల్లో రెండు కంపెనీల సామాను కలిసిపోవడం, తరవాత మన దేశంలో దొరికింది దొరికినట్టు బిగించడం వల్ల, విల్లీస్ పేరుతో అమ్మకానికి వచ్చేవాటిలో అనేకం కలగాపులగపు బండ్లే. చాసీ ముందు అడ్డకమ్మి గుండ్రటి గొట్టమైతే విల్లీస్, పలకలుగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ సామాను మీద, బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం ఉంటుంది. ఇలాంటి గుర్తులను చదవగలగడమే ఒక విద్య కనుక, ఆ విద్య రాకముందే విల్లీస్‌కు డబ్బు పెట్టడం తొందరపాటు.

తొలి బండిగా అంతకంటే యోగ్యమైనది మహీంద్రా తయారుచేసిన పెట్రోలు జీపు సీజే3బీ. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా పుట్టి 1948లో పేరు మార్చుకున్న ఆ కంపెనీ, విల్లీస్ విడిభాగాలను దిగుమతి చేసుకుని కూర్చడంతో మొదలుపెట్టి, ఆ తరవాత లైసెన్సు మీద తానే తయారీకి దిగింది. దీని ఇంజను కూడా 2199 సీసీలదే కాని, విల్లీస్‌లో వాల్వులన్నీ ఇంజను దిమ్మలోనే ఉండగా, ఇందులో గాలి, పెట్రోలు లోపలికి పోయే వాల్వులను పైన హెడ్డులో పెట్టి పొగ వాల్వులను మాత్రం దిమ్మలో ఉంచారు. ఈ అమరికను ఎఫ్-హెడ్ అంటారు. ఇంజను ఎత్తు పెరిగినందువల్లనే ఈ జీపు బానెట్టు విల్లీస్ కంటే పొడుగ్గా లేచి కనిపిస్తుంది. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, కమాను కట్టల అమరిక, గేర్‌బాక్సు శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వంటివి విల్లీస్ వంశానివే కావడంతో, దీనిమీద నేర్చుకున్నది రేపు విల్లీస్ దగ్గరికి వెళ్లినా వృథా పోదు.

జబల్‌పూర్‌లో నిస్సాన్ పాట్రోల్ నమూనా మీద తయారైన జోంగా జీపు ఆకర్షణ వేరు. దాని 3956 సీసీల ఆరు సిలిండర్ల ఇంజను బలమైనదే కాని, ఆ ఇంజను సామాను ఈ చుట్టుపక్కల దొరకడం కష్టం, పెట్రోలు ఖర్చూ ఎక్కువే. జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో వచ్చిన శక్తిమాన్ లారీ ఇంటి కొట్టంలో పట్టేది కాదు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ వేలాల్లో సులువుగా దొరుకుతుంది, చేతికి పని నేర్పుతుంది, కాని చట్టం లెక్కలో అది వింటేజ్ కావడానికి ఇంకా సమయం ఉంది.

ఆ చట్టం సంగతి కొంత వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే కాగితం లేని బండికి ఎంత చాకిరీ చేసినా అది రోడ్డెక్కదు. సైన్యం వాడుతున్నంత కాలం దాని వాహనాలకు పైకి చూపే బాణం గుర్తుతో మొదలయ్యే ప్రత్యేక నంబరు ఉంటుంది తప్ప ఆర్టీఏ రిజిస్ట్రేషను ఉండదు. వేలంలో, ఈ రోజుల్లో ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ నడిపే ఆన్‌లైన్ వేలంలో, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముడుపోయాకే దానికి పౌర జీవితం మొదలవుతుంది. అప్పుడు రిజిస్ట్రేషనుకు సైనికాధికారులు ఇచ్చిన అసలు విక్రయ పత్రం జతచేయాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఆ పత్రం పోయి, ఆర్సీ కూడా లేకుండా చేతులు మారిన జీపు ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. ఆర్సీ ఉంటే దానిలోని చాసీ నంబరుకూ, చాసీ మీద కొట్టిన నంబరుకూ పెన్సిలుతో ప్రింటు తీసి అక్షరం అక్షరం పోల్చుకోవాలి.

2021లో వచ్చిన వింటేజ్ వాహన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర వాహనాలకూ కార్ల తరగతి వాహనాలకూ వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తుంది. దీనికి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇక్కడ మిలటరీ బండి కొనేవారు గమనించవలసిన మెలిక ఉంది. 1965లో తయారై 1985లో వేలానికి వచ్చిన జీపుకు మొదటి రిజిస్ట్రేషను 1985లోనే జరిగి ఉంటుంది కనుక, వయసు 60 దాటినా ఆ లెక్కలో అది వింటేజ్ కాకపోవచ్చు. పైగా వింటేజ్ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, ఇంధనం, మరమ్మతు వంటి పనులకు మాత్రమే రోడ్డుమీదికి తేవాలి. చాసీ, బాడీ, ఇంజను గణనీయంగా మార్చినవాటికి ఆ గుర్తింపే రాదు. పొలానికీ ఖమ్మానికీ దానిమీదే తిరగాలనుకునే వారికి ఐదేళ్లకోసారి పొడిగించే మామూలు రిజిస్ట్రేషనే తగినది.

కాగితం తరవాత చూడవలసింది సంపూర్ణత, అంటే సామాను ఎంతవరకు బండిమీదే మిగిలి ఉందనేది. కొత్తవారు నున్నటి పెయింటును చూసి మోసపోతారు, తుప్పును చూసి భయపడతారు, నిజానికి రేకు తుప్పు అన్నిటికంటే తేలికగా సరిచేయగల లోపం. పల్చటి, దాదాపు చదునైన రేకులతో కట్టిన జీపు బాడీని మంచి టింకరింగ్ మేస్త్రీ ముక్కలు వేసి నిలబెట్టగలడు కాని, పోయిన కార్బొరేటరును, మీటర్ల పలకను, అసలు ఇంజనును ఎవరూ సృష్టించలేరు. పెట్రోలు ఖర్చు భరించలేక అనేక జీపులకు డీజిల్ ఇంజన్లు వేయించారు కనుక, అసలు ఎఫ్-హెడ్ ఇంజను ఉన్న బండి బిగుసుకుపోయి ఉన్నా సరే, చక్కగా నడుస్తున్న డీజిల్ మార్పిడి బండి కంటే మేలు. బిగుసుకున్న సిలిండర్లలో ప్లగ్గు రంధ్రాల గుండా నూనె పోసి కొన్ని రోజులు నానబెడితే పిస్టన్లు కదిలే అవకాశం ఉంటుంది, కదలకపోయినా బోరు చేయించి స్లీవులు వేయించుకోవచ్చు.

చాసీ విషయంలో మాత్రం మెత్తబడకూడదు. క్వారీ రాయి మోసిన జీపు చాసీ వంగి ఉండవచ్చు. సిమెంటు నేలమీద బండిని నిలబెట్టి, కమాను కట్టలు తగిలించే కొక్కేల దగ్గర నుంచి గుండుదారం వేలాడదీసి, నేలమీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూస్తే వంకర బయటపడుతుంది. ఇందుకు పట్టే సమయం గంటకు మించదు, దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం సాగించనక్కరలేదు. ఇరుసు చివర్ల ఆయిలు కారడం, స్టీరింగు వణకడం, ట్రాన్స్‌ఫర్ కేసు గేరు జారిపోవడం వంటివన్నీ బేరంలో ధర తగ్గించే కారణాలే తప్ప కొనడం మానుకునే కారణాలు కావు. ఇప్పుడు పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది కనుక వాటిని ఎలాగూ మార్చవలసిందే.

చివరిది రంగు. మన కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వది, రక్షణశాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని స్పష్టంగా చెబుతోంది. మిలటరీ బండిని మిలటరీ రంగులో చూడాలనుకునే వారికి ఇది బాధ కలిగించవచ్చు కాని, ఆ బాధను దొంగ మార్గాలతో తీర్చుకోకూడదు. సీజే3బీ సాధారణ కొనుగోలుదారులకు కూడా వేరే రంగుల్లో అమ్ముడుపోయింది కనుక అలాంటి రంగు వేయడం చరిత్రకు అన్యాయం కాదు. పైపూతలను సన్నటి ఎమరీ కాగితంతో పొర పొరగా అరగదీస్తే అడుగున సైన్యపు రంగు బయటపడుతుంది, డ్యాష్‌బోర్డు కింద అరచేతి వెడల్పున ఆ పొరను చెరపకుండా ఉంచితే బండి చరిత్రకు అదే సాక్ష్యం. బండి ఎన్నడూ మోయని రెజిమెంటు గుర్తులను, ఫిరంగి నమూనాలను తగిలించడం ఇంకా పెద్ద తప్పు. 1965 సెప్టెంబరు 10న అసల్ ఉత్తర్ దగ్గర, జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకీతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొని ప్రాణం ఇచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర దక్కింది, అలాంటి జీపు గౌరవాన్ని మరో జీపు అరువు తెచ్చుకోకూడదు.

తిరుమలాయపాలెం, కూసుమంచి, ఇల్లెందు ప్రాంతాల్లో ఎవరి పశువుల కొట్టం వెనకైనా పాత పెట్రోలు జీపు పడి ఉంటే, పాత ఇనుము వ్యాపారికి కిలోల లెక్కన ఇచ్చేముందు దాని ఆర్సీని, విక్రయ పత్రాన్ని వెతికి పెట్టండి. ఇంజనును, మీటర్లను విడగొట్టి అమ్మకుండా, బండిని బండిగానే, కాగితాలతో కలిపి, దానిని నిలబెట్టాలనుకునే వారి చేతిలో పెట్టండి.