లోపలి వరుస

జూన్ వచ్చిందంటే కొల్లేటి లంక గ్రామాల్లో కాగితాల హడావిడి మొదలవుతుంది. పిల్లల కాలేజీ సీట్లకి ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం. పెద్దవాళ్లకి 1బి, అడంగల్ లాంటి భూమి కాగితాలు. ఒకప్పుడు ఏది కావాలన్నా కొల్లేటికోట మనిషి కైకలూరు వెళ్లి రావలసిందే. 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు తెచ్చిన కార్డ్ పథకం మొదలై, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ చేతిరాత పోయి ప్రింటర్ మీద వచ్చింది. తర్వాత 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు. కాగితం పుట్టే చోటు ఊరికి దగ్గరగా జరుగుతూ వచ్చింది. దాంతోపాటే ఒక కొత్త పనీ ఊళ్లోకి వచ్చింది: నలుగురు నాలుగు కంప్యూటర్ల నుంచి ఒకే ప్రింటర్‌కి పంపే కాగితాలను వరుస తప్పకుండా బయటికి రప్పించడం. ఈ పని ఎవరి ఉద్యోగ వివరాల్లోనూ రాసి ఉండదు, ఎవరూ నేర్పరు. చాలా ఆఫీసుల్లో ప్రింటర్లు చూసుకున్నవాడిగా నాకున్న బాధ అదే.

ప్రింట్ నొక్కగానే కాగితం మీద అచ్చు పడదు. ముందు ఆ పని ఒక ఫైలుగా డిస్క్ మీదికి చేరుతుంది, దానికో నంబరు పడుతుంది. వెనకాల స్పూలర్ అనే ప్రోగ్రాం ఒక్కోదాన్నీ తీసి ప్రింటర్‌కి అందిస్తుంది. మొదటిది ఇరుక్కుందా, వెనకున్నవన్నీ ఆగిపోతాయి. బల్ల ముందు నిలబడ్డ పెద్దాయన "బాబూ, మా పిల్లదాని కాగితం వచ్చిందా?" అంటాడు. "ఇచ్చేశానండి బాబాయ్ గారూ, వచ్చేస్తదండి" అంటాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు. రాదు. మళ్లీ నొక్కుతాడు. పక్క సీటులోని అమ్మాయీ తన పనిని ఇంకోసారి పంపుతుంది. చివరికి ఎవరో మూత తీసి ఇరుక్కున్న కాగితం లాగగానే ఒకే ధ్రువపత్రం నాలుగైదు ప్రతులుగా వచ్చి పడుతుంది. అసలు కావలసింది వాటి అడుగున ఎక్కడో ఉంటుంది.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వచ్చినవాళ్లు ఎండలో ఎంతసేపైనా ఓపిగ్గా నిలబడతారు, ముందు ఎన్ని తలలున్నాయో కనిపిస్తుంది కాబట్టి. ప్రింటర్ ముందున్న వరుస కంటికి కనపడదు. కనపడని వరుసలో మనిషి స్థిమితంగా ఉండలేడు. మళ్లీ మళ్లీ నొక్కే కుర్రాణ్ణి కోప్పడి లాభం లేదు. తన పని ఎక్కడుందో అతనికి తెలియజేయాలి.

ఈ సంగతి కంప్యూటర్ ప్రపంచంలో పాతదే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అక్కడి ప్రింటర్ ప్రోగ్రాంని మార్చి, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్న వాళ్లందరి తెరల మీదా సందేశం వచ్చేలా చేశాడు. యంత్రాన్ని బాగుచేయలేదు, మనుషులకి చెప్పాడు, అంతే. ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేసేవారు. తర్వాత జిరాక్స్ వాళ్లిచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌కి ప్రోగ్రాం మూలప్రతి ఇవ్వలేదు. ఆ సందేశం పెట్టే వీలు లేకపోయింది. 1983లో అతను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ ఉక్రోషం కూడా ఉంది.

లినక్స్ యంత్రాల మీద అచ్చు పనులకి ఇప్పుడు ఎక్కువగా వాడేది కప్స్. మైకేల్ స్వీట్ రాసిన ఈ వ్యవస్థ 1999లో బయటికి వచ్చింది, 2007లో యాపిల్ కొనుక్కుంది. దీనిలో నాకు బాగా నచ్చేది ఒక చిన్న విభజన. పనులు తీసుకోవడం వేరు, అచ్చు వేయడం వేరు. రెండిటికీ వేర్వేరు మీటలు. కాగితం ఇరుక్కుంటే అచ్చు మాత్రం ఆపు: కొత్త పనులు వచ్చి వరుసలో కూర్చుంటాయి, ఎవరి స్థానం వాళ్లదే. ప్రింటర్ రిపేరుకి పోతుంటే తీసుకోవడమే ఆపు: పంపినవాడికి కుదరదని వెంటనే తెలుస్తుంది, అప్పటికే ఉన్నవాటిని ఇంకో ప్రింటర్‌కి తరలించవచ్చు. ఒట్టి ఆశ పెట్టి మనిషిని కూర్చోబెట్టడం కంటే అది మర్యాద.

ప్రాధాన్యం కూడా 1 నుంచి 100 వరకు ఇవ్వచ్చు, చెప్పకపోతే 50. వందల పేజీల జాబితా ఒకటి పంపుతుంటే 10 పెట్టండి, వెనకొచ్చిన ఒక్క పేజీ ఆదాయ పత్రం దాన్ని దాటిపోతుంది. అయితే అచ్చు మొదలైన పని మధ్యలో ఆగదు. అందుకే పెద్ద జాబితాని ముక్కలుగా పంపమంటాను. పని మానుకుని వచ్చినవాడు జాబితా పూర్తయ్యేదాకా కూర్చోవడం అన్యాయం.

ఎవరి పనిని వాళ్లే రద్దు చేయగలగాలి అన్నది కప్స్‌లోనూ విండోస్‌లోనూ మామూలుగా ఉండే నియమం. మన ఆఫీసుల్లో అది ఉత్తదైపోతోంది, ఎందుకంటే అందరూ ఒకే లాగిన్‌తో కూర్చుంటారు. యంత్రం దృష్టిలో అన్నీ ఒకే మనిషి పనులు. ఎవడైనా ఎవరిదైనా తుడిచేయచ్చు, ఎవరు తుడిచారో తెలియదు. మనిషికో లాగిన్ పెట్టండి. ప్రింటర్ కొనేముందు చేయవలసిన పని ఇది.

ఇక కాగితం. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. విప్పిన రీము రాత్రంతా ట్రేలో ఉంటే తేమ పట్టి అంచులు వంకర తిరుగుతాయి, రెండేసి కాగితాలు కలిసి లోపలికి పోతాయి. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితం మీదికి లాగేది విద్యుదావేశం. తేమ కాగితం దాన్ని నిలుపుకోలేదు, అక్షరం వెలిసినట్టు పడుతుంది. జనం ప్రింటర్‌ని తిడతారు. వానాకాలం ఏ పూటకి సరిపడా కాగితం ఆ పూటే పెట్టండి, మిగతాది దాని కవర్లోనే ఉంచి మూతి మడవండి.

ట్రేలో పడున్న కాగితాల మీద జనం కులం, ఆదాయం, ఆధార్ నంబరు ఉంటాయి. కప్స్ మామూలుగా అచ్చయిన ఫైలుని కూడా ఒక రోజు దాచుకుంటుంది. ధ్రువపత్రాలిచ్చే చోట ఆ దాచడం ఆపేయాలి. వరుసను అందరికీ చూపించమనబోతున్నాను కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఫైలుకి మనిషి పేరు బదులు టోకెన్ నంబరు పెట్టి ప్రింట్‌కి పంపితే వరుసలో నంబరే కనిపిస్తుంది. మూలన పడేసిన పాత మానిటర్ ఒకటి తెచ్చి, ప్రింట్ వరుస కనిపించేలా బెంచీల వైపు తిప్పి పెట్టండి. తన నంబరు ముందు ఇంకా మూడు ఉన్నాయని చూసిన పెద్దాయన బయటికెళ్లి టీ తాగి వస్తాడు, కుర్రాడు రెండోసారి నొక్కడు.