చెప్పేదే గాని వినని పెట్టె

భిలాయిలో మీ ఫోను ఏ వీధిలోనైనా మోగుతుంది. విశాఖలో వేటకు బయలుదేరిన పడవ పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే మాత్రం ఫోను మూగబోతుంది. 2017లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు సముద్రంలో ఉన్న అనేకమంది జాలర్లకు హెచ్చరిక అందలేదు.

ఆ లోటు తీర్చడానికి 2019 అక్టోబరులో ‘జెమిని’ వచ్చింది. దీని రూపకల్పనలో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ పాలుపంచుకుంది. గగన్ ఉపగ్రహాల ద్వారా వచ్చే సందేశాన్ని ఈ పెట్టె అందుకొని, బ్లూటూత్‌తో జాలరి ఫోనుకు చేరవేస్తుంది. వేరే తెర కొనకుండా ఉన్న ఫోనునే వాడుకోవడం మెచ్చుకోదగ్గ ఆలోచన.

అయితే ఇందులో పెద్ద లోపం ఒకటుంది: ఇది వార్త తెస్తుందే గాని తీసుకుపోదు. పడవలోని పరికరాల మధ్య ఇటువంటి ఏకముఖ సంభాషణ కొత్తేమీ కాదు. 1983లో వచ్చిన ఎన్.ఎం.ఇ.ఎ. 0183 ప్రమాణం ప్రకారం ఒక తీగల జతపై ఒక పరికరమే మాట్లాడుతుంది, మిగతావి వింటాయి. జి.పి.ఎస్. తన స్థానం చెబితే పటం చూపే తెరకు అది చాలు, బదులు చెప్పనక్కరలేదు. మునుగుతున్న పడవ మాత్రం బదులు చెప్పాలి, తానెక్కడున్నదో తీరానికి తెలపాలి.

లక్ష పడవలకు ఇస్రో రూపొందించిన ద్విముఖ ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. ఏ పరికరాన్ని చూసినా ఇక మీరు ఈ ప్రశ్న వేయండి: ఇది మనిషి మాట కూడా వింటుందా?