రిజిస్ట్రీ శుభ్రత - అవసరమా, అపోహా?

కంప్యూటరు కాస్త మందగించిందంటే చాలు, "రిజిస్ట్రీ క్లీన్ చేశావా?" అని అడిగేవారు ఎదురవుతారు. ఈ పని కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉచితంగానూ, కొన్ని డబ్బుకూ దొరుకుతాయి. వాటిని నడిపితే రెండు నిమిషాల్లో వందల కొద్దీ "దోషాలు" ఎర్ర అక్షరాలతో తెర మీద కనిపిస్తాయి. ఇవి నిజంగా దోషాలేనా? తీసేస్తే వేగం పెరుగుతుందా? పరిశీలిద్దాం.

రిజిస్ట్రీ అంటే ఏమిటి?

ఏ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలి, ఏ పరికరానికి ఏ డ్రైవరు కావాలి వంటి వివరాలను విండోస్ ఒకచోట నమోదు చేసి ఉంచుతుంది. అదే రిజిస్ట్రీ. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైన ఈ ఏర్పాటు, విండోస్ 95 నాటికి సిస్టమ్‌కు ఆయువుపట్టుగా మారింది. అంతకుముందు ఈ వివరాలు ఎక్కువగా ఐఎన్ఐ ఫైళ్ళలో విడివిడిగా ఉండేవి.

ఒక ప్రోగ్రామును తొలగించినప్పుడు దాని నమోదులు కొన్ని మిగిలిపోతాయి. ఇది నిజమే. అవి పేరుకుపోయి కంప్యూటరును నెమ్మదింపజేస్తాయని క్లీనర్ల తయారీదారులు అంటారు. తర్కం తప్పేది ఇక్కడే. రిజిస్ట్రీ చెట్టు కొమ్మల్లా అమరి ఉంటుంది. ప్రోగ్రాము తనకు కావలసిన నమోదును పేరుతో అడిగి, నేరుగా ఆ కొమ్మకే వెళుతుంది. నిఘంటువులో "క" పుటల్లో నాలుగు అనవసరపు మాటలుంటే, "మ"తో మొదలయ్యే మాటను వెతకడం ఆలస్యమవుతుందా? పైగా, రిజిస్ట్రీలో 5 లక్షల నమోదులున్నాయనుకోండి. 500 తీసేస్తే తగ్గేది నూటికి 0.1 వంతు మాత్రమే.

ఒకప్పుడు ఈ చింతకు కొంత ఆధారముంది. విండోస్ 2000లో రిజిస్ట్రీ మొత్తం పరిమాణానికి ఒక హద్దు ఉండేది. 2001లో ఎక్స్‌పీతో ఆ హద్దు పోయింది. భయం మాత్రం మిగిలింది.

భయంతో వ్యాపారం

ఆ భయమే కొందరికి పెట్టుబడి అయింది. "మీ రిజిస్ట్రీ పాడైంది" అంటూ సిస్టమ్ హెచ్చరికల్లా కనిపించే సందేశాలు పంపి, 39.95 డాలర్లకు "రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ" అమ్మినవారిపై 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దావా వేసింది. పేరున్న సాఫ్ట్‌వేరుకైనా ముప్పు తప్పలేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో దుండగులు హానికరమైన కోడ్ చొప్పించగా, అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఎందుకంటే అవసరమైన ఒక్క నమోదు పోయినా, విండోస్‌ను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి రావచ్చు.

మరి ఏం చేయాలి?

అక్కరలేని ప్రోగ్రాములను ఫోల్డరు చెరిపి కాక, అన్‌ఇన్‌స్టాల్ చేసి తొలగించండి. కంప్యూటరుతో పాటే మొదలయ్యే ప్రోగ్రాములను టాస్క్ మేనేజరులో చూసి తగ్గించండి. వేగం విషయంలో నిజంగా తేడా కనిపించేది ఇక్కడే.

తొలగించిన ప్రోగ్రాము కోసం ప్రతిసారీ దోష సందేశం వస్తుంటే, ఆ ఒక్క నమోదును చేత్తో తీసేయవచ్చు. అయితే ముందు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. రెజ్‌ఎడిట్‌లో ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. విండోస్ తనంతట తానే నకలు ఉంచుతుందిలే అని ధీమా పడకండి. విండోస్ 10లో 1803 వెర్షన్ (2018) నుంచి రెగ్‌బ్యాక్ ఫోల్డరులోకి ఆ నకలు తీయడం ఆగిపోయింది.

క్లీనరు గొప్పదని ఎవరైనా వాదిస్తే ఒక ప్రయోగం చేయమనండి. గడియారం దగ్గర పెట్టుకుని, కంప్యూటరు సిద్ధం కావడానికి పట్టే సమయాన్ని క్లీనరుకు ముందు అయిదుసార్లు, తర్వాత అయిదుసార్లు కొలిచి, సగటులు పోల్చాలి. ఎర్ర అక్షరాల్లో కనిపించే దోషాల లెక్క కొలత కాదు. కొలవకుండా దేనినీ నమ్మకూడదన్న ప్రయోగశాల పాఠం కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడూ వర్తిస్తుంది.